విలీనం, పాలన, సంఘర్షణ: ఒక రాజనీతిశాస్త్ర పరిశోధన చెప్పే పాఠం

బిలాస్‌పూర్ నుండి కట్నీ వైపు సాగే రైలుమార్గంలో కర్గీ రోడ్ ఒక చిన్న స్టేషను. స్టేషనుకు కర్గీ రోడ్ అని పేరున్నా, అది ఉన్న ఊరు కోటా. దీనికి దక్షిణాన వరిపొలాల మైదానం పరచుకొని ఉన్నది. ఉత్తరాన రైలు మెల్లగా కొండలలోకి, సాలవృక్షాల అడవులలోకి ప్రవేశిస్తుంది. ఈ మైదానానికీ, ఆ కొండలకూ మధ్య ఒకప్పుడు ప్రకృతి గీసిన గీతతోపాటు పాలకులు గీసిన గీత కూడా ఉండేది. బ్రిటిష్ వారి రికార్డులలో మైదానాన్ని ‘ఖాల్సా’ అన్నారు. ప్రభుత్వమే భూమిని సర్వే చేయించి, శిస్తు నిర్ణయించి, రైతు హక్కులను పుస్తకాలకెక్కించిన నేల అది. కొండల వైపున పేండ్రా, కేందా, మాతిన్, ఉప్రోడా మొదలైన జమీందారీలు ఉండేవి. అక్కడ ప్రజలకూ ప్రభుత్వానికీ నడుమ జమీందారు నిలిచేవాడు.

జమీందారీలు పోయి డెబ్బై ఏండ్లు దాటినది. మధ్యప్రదేశ్ శాసనసభ చేసిన భూస్వామ్య హక్కుల రద్దు చట్టం 1951లో అమలులోకి వచ్చింది. అయినా ఆ పాత గీత పూర్తిగా చెరిగిపోయిందా? ఒకనాటి పాలకులు ఏర్పరచిన దూరం నేటి ప్రజల జీవితంలో ఇంకా మిగిలి ఉన్నదా? దేశ సమైక్యతను గూర్చి ఆలోచించే వారందరికీ ఈ ప్రశ్న ముఖ్యమైనది. ఇటీవల ఒక రాజనీతి శాస్త్రజ్ఞుడు సరిగ్గా ఈ ప్రశ్ననే చేపట్టి, ఛత్తీస్‌గఢ్‌నూ తెలుగునేలనూ పక్కపక్కన ఉంచి పరిశీలించారు. ఆ పరిశోధన సారాంశాన్ని, దానిపై వచ్చిన భిన్నాభిప్రాయాలను, దాని నుండి మనం గ్రహించవలసిన పాఠాన్ని పాఠకుల ముందుంచడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశోధకుని ప్రశ్న

శివాజీ ముఖర్జీ అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది, కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో అధ్యాపకులైనారు. మావోయిస్టు సంఘర్షణకు వలసపాలన నాటి మూలాలను అన్వేషిస్తూ ఆయన వ్రాసిన గ్రంథాన్ని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం 2021లో ప్రచురించింది. జిల్లాల వారీ గణాంకాలను, పురాతన దస్తావేజులను, సంఘర్షణ ప్రాంతాలలో స్వయంగా తిరిగి సేకరించిన సంభాషణలను కలిపి ఆయన ఈ అధ్యయనం చేశారు.

ఆయన ప్రశ్న పైకి సులభంగా కనిపిస్తుంది. మన దేశంలో పేదరికం ఎన్నో జిల్లాలలో ఉన్నది. అడవులు, కొండలు, గిరిజన జనాభా కూడా ఎన్నో జిల్లాలలో ఉన్నవి. అటువంటప్పుడు మధ్య, తూర్పు భారతంలోని కొన్ని జిల్లాలలోనే సాయుధ సంఘర్షణ దశాబ్దాల తరబడి ఎందుకు నిలిచినది? పక్కనే ఉన్న మరికొన్ని జిల్లాలలో ఎందుకు నిలువలేదు?

ఛత్తీస్‌గఢ్ పటాన్ని చూస్తే ఈ ప్రశ్న మరింత స్పష్టమవుతుంది. బస్తర్, కాంకేర్ ప్రాంతాలు సంఘర్షణకు కేంద్రాలైనవి. 2000 తరువాతి దశకంలో ఉత్తరాన సర్గుజా కూడా ఆ మంటను చవిచూసింది. కాని రాయ్‌పూర్, దుర్గ్, బిలాస్‌పూర్ మైదానాలలో అది వేరూనలేదు. బస్తర్, కాంకేర్, సర్గుజా పూర్వం సంస్థానాలు. రాయ్‌పూర్, బిలాస్‌పూర్ మైదానాలు 1854లో నాగపూర్ రాజ్యం బ్రిటిష్ వారి వశమైనప్పటి నుండి వారి ప్రత్యక్ష పాలనలో ఉన్నవి. అడవి ఎక్కువ, అడవి తక్కువ అనే ఒక్క భేదమే దీనికి చాలినంత సమాధానం కాదని, పాలనా చరిత్రను కూడా చూడవలెనని ముఖర్జీ వాదం.

రెండు విధాల పరోక్ష పాలన

బ్రిటిష్ వారు భారతదేశమంతటినీ ఒకే పద్ధతిలో పాలించలేదు. కొన్నిచోట్ల కలెక్టరు, తహసీలుదారు, సర్వే సిబ్బంది, న్యాయస్థానం ద్వారా నేరుగా పాలించారు. మరికొన్ని చోట్ల ఆ శ్రమ, ఆ వ్యయం తమకు అక్కరలేదని భావించి మరొకరి చేతికి అధికారాన్ని అప్పగించారు. ఈ రెండవ పద్ధతినే పరోక్ష పాలన అంటారు.

ముఖర్జీ దీనిని రెండుగా విభజించారు. మొదటిది సంధి పత్రాలతో ఏర్పడినది: సంస్థానాధీశుల పాలన. హైదరాబాదు, బస్తర్ ఇందుకు ఉదాహరణలు. రెండవది బ్రిటిష్ రాష్ట్రాలలోనే లోలోపల ఏర్పడినది: జమీందారీ పద్ధతి. పేరుకు అది ప్రత్యక్ష పాలనే. కాని గ్రామం దగ్గరకు వచ్చేసరికి సర్కారు కనిపించదు, జమీందారు మనుషులే కనిపిస్తారు.

ఈ రెండింటి ఫలితాలలో సామ్యం ఉన్నది. ఒకటి, ప్రభుత్వ యంత్రాంగం గ్రామం వరకు చేరదు. భూమి కొలతలు, హక్కుల రికార్డులు, పోలీసు, పాఠశాల, న్యాయస్థానం అన్నీ పలుచగానే ఉంటాయి. రెండు, భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడుతుంది, లేదా అడవీ ఖనిజాలూ అక్కడి ప్రజలకు దక్కకుండా బయటికి తరలిపోతాయి. ఒకవైపు బలహీనమైన ప్రభుత్వం, మరొకవైపు బలమైన అసంతృప్తి: ఈ రెండూ కలిసినచోట తిరుగుబాటుదారులకు తావు దొరుకుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఈ స్థితి తనంతట తాను మారదు. బలహీనమైన యంత్రాంగమే వారసత్వంగా సంక్రమిస్తుంది. ఇది ముఖర్జీ సిద్ధాంతసారం.

ఇందులో ఒక సూక్ష్మం గమనించవలెను. గతం కారణంగా సంఘర్షణ తప్పనిసరిగా పుట్టుతుందని ఆయన అనలేదు. అందుకు అనుకూలమైన నేల ఏర్పడుతుందని మాత్రమే అన్నారు. ఆ నేలపై విత్తనం వేసేవారు కూడా రావలెను. 1980లో తెలంగాణ నుండి పీపుల్స్‌వార్ దళాలు గోదావరి దాటి బస్తర్‌లో అడుగుపెట్టడం అటువంటి సంఘటన. బిలాస్‌పూర్ ఉత్తరాన ఉన్న పాత జమీందారీ కొండలు ఆ దారికి దూరంగా ఉన్నవి. పంతొమ్మిదవ శతాబ్ది చివరినాటికే అక్కడికి రైలు కూడా వచ్చి చేరినది.

తెలుగునేల ఇచ్చే సాక్ష్యం

ఈ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి తెలుగువారి చరిత్ర కంటె చక్కని క్షేత్రం దొరకదు. ఒకే భాష మాట్లాడే ప్రజలు మూడు విధాల పాలనలో నూట యాభై సంవత్సరాలు గడిపినారు.

మొదటిది రాయలసీమ. సైనిక సహాయానికి ప్రతిఫలంగా 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంపినీకి దత్తం చేశాడు. ‘దత్తమండలాలు’ అనే పేరు అలా వచ్చినదే. థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉండి రైత్వారీ పద్ధతిని నెలకొల్పాడు. పాలెగాండ్ర అధికారాన్ని అణచివేసి రైతుతో ప్రభుత్వం నేరుగా లెక్క పెట్టుకొన్నది.

రెండవది తెలంగాణ. అదే నిజాం పాలనలో ఉండిపోయిన ప్రాంతం ఇది. హైదరాబాదు సంస్థానంలో సుమారు 60 శాతం భూమి దివానీ, అనగా ప్రభుత్వం శిస్తు వసూలు చేసే భూమి. మిగిలిన 40 శాతం జాగీర్లు, నిజాం సొంత భూములైన సర్ఫెఖాస్ మొదలైనవి. దివానీ గ్రామాలలో కూడా పటేలు, పట్వారీ, దేశముఖుల మాటే శాసనం. గడి, దొర, వెట్టి అనే మాటలు తెలంగాణ పల్లెలలో ఎంతటి బరువు మోసినవో పాఠకులకు తెలిసినదే. 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ రైతాంగ పోరాటం ఈ నేలపైనే జరిగింది.

మూడవది ఉత్తర కోస్తా. ఇది బ్రిటిష్ రాష్ట్రమే అయినా 1802లో శాశ్వత శిస్తు పద్ధతి ప్రవేశించి జమీందారీలు స్థిరపడినవి. వాటి వెనుకనున్న కొండలలో పాలన మరింత పలుచన. గోదావరి కొండలలోని రంపలో మన్సబుదారు, అతని క్రింద ముఠాదారులు ఉండేవారు. 1879లో అక్కడ జరిగిన తిరుగుబాటుకు ఒక ప్రధాన కారణం, కల్లుపై మన్సబుదారు విధించిన ‘చిగురుపన్ను’. నేరుగా పాలించే బాధ్యతను తప్పించుకొన్న ప్రభుత్వం చివరకు సైన్యాన్ని పంపవలసి వచ్చింది. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం మళ్ళీ భగ్గుమన్నది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద ఇద్దరు గిరిజనులు హతులైన తరువాత శ్రీకాకుళం గిరిజనోద్యమం సాయుధ రూపం ధరించింది. అదీ జమీందారీ గతం గల ప్రాంతమే.

ఇక్కడ ఒక మాటను గూర్చి ప్రస్తావించడం అవసరం. తెలుగులో గిరిజన ప్రాంతాన్ని మనం అలవాటుగా ‘ఏజెన్సీ’ అంటాం. హిందీ నుండి తెలుగులోకి ప్రభుత్వ పత్రాలను అనువదించేటప్పుడు ఈ మాట దగ్గర కలం ఆగుతుంది. హిందీలో దీనికి సమానమైన వాడుక లేదు. ‘అనుసూచిత క్షేత్రం’ అనే రాజ్యాంగ పదమే ఉన్నది. మన మాట 1839 నాటి గంజాం, విశాఖపట్నం చట్టం నుండి వచ్చినది. ఆ చట్టం కొండ ప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుండి తొలగించి, కలెక్టరును గవర్నరుకు ‘ఏజెంటు’గా నియమించింది. ఏజెంటు పాలించే చోటు ఏజెన్సీ. ఏజెంటు పోయి చాలా కాలమైనా పేరు నిలిచిపోయింది. సాధారణ పాలనకు వెలుపల ఉంచిన నేల అనే భావాన్ని మనం రోజూ తెలియకుండానే ఉచ్చరిస్తున్నాం.

నేల దోషమా, పాలన దోషమా?

ఈ వాదానికి వెంటనే ఒక ఆక్షేపణ తోస్తుంది. పంట పండలేదంటే నేల చవుడు కావచ్చు, లేదా నీరు అందక కావచ్చు. చూడగానే ఏది కారణమో చెప్పలేము. అదే విధంగా, బ్రిటిష్ వారు సారవంతమైన మైదానాలను తాము ఉంచుకొని, రాబడి లేని కొండలను రాజులకు వదలి ఉండవచ్చు గదా! అప్పుడు నేటి సంఘర్షణకు కారణం ఆ కొండలే గాని, పరోక్ష పాలన కాదు.

ముఖర్జీ ఈ చిక్కును విప్పడానికి ఒక నూతన మార్గాన్ని అనుసరించారు. ఐరోపాలో పెద్ద యుద్ధాలు జరుగుతున్న సంవత్సరాలలో బ్రిటిష్ వారికి ఇక్కడ కొత్త రాజ్యాలను కలుపుకొనేందుకు ధనమూ, సైన్యమూ చాలేవి కావు. ఆ కాలంలో వారు రాజులతో సంధి చేసుకొని వదలివేయడానికే మొగ్గు చూపినారు. ఐరోపాలో యుద్ధం జరగడానికీ, బస్తర్ నేల సారానికీ ఏ సంబంధమూ లేదు. కనుక యుద్ధకాలమనే కారణంతో సంస్థానంగా మిగిలిన ప్రాంతాలలో నేడు సంఘర్షణ ఎక్కువగా కనిపిస్తే, దానికి బాధ్యత నేలది కాదు, పాలనది అని చెప్పవచ్చు. హైదరాబాదుతో సైన్యసహకార సంధి జరిగిన 1798వ సంవత్సరంలో బ్రిటన్ విప్లవ ఫ్రాన్సుతో పోరాడుతూ ఉండినదని గుర్తుచేసుకుంటే ఈ తర్కం మనకు దగ్గరగా అర్థమవుతుంది.

భిన్నాభిప్రాయాలు

ఏ పరిశోధనా తుది తీర్పు కాదు. ఈ విషయంలోనూ వేరు ఫలితాలు చూపిన పండితులున్నారు.

ఆర్థికశాస్త్రజ్ఞురాలు లక్ష్మీ అయ్యర్ 2010లో ప్రచురించిన వ్యాసంలో, బ్రిటిష్ వారు ప్రత్యక్షంగా పాలించిన ప్రాంతాలకు స్వాతంత్ర్యానంతరం పాఠశాలలు, ఆరోగ్య కేంద్రాలు, రోడ్లు సంస్థాన ప్రాంతాల కంటె తక్కువగా లభించినవని చూపినారు. వారసుడు లేక మరణించిన రాజుల రాజ్యాలను డల్హౌసీ కలుపుకొన్న ఉదంతాలను ఆమె తన పరీక్షకు ఆధారంగా తీసుకున్నారు. ప్రత్యక్ష పాలన అంటే మంచి పాలన అని అనుకోరాదని దీని భావం.

అజయ్ వర్గీస్ అనే రాజనీతి శాస్త్రజ్ఞుని గ్రంథం 2016లో వెలువడింది. ఆయన మతకలహాలను, కుల, గిరిజన సంఘర్షణలను వేరుచేసి చూశారు. కుల, గిరిజన సంఘర్షణలు బ్రిటిష్ రాష్ట్రాలలోనే ఎక్కువ అని ఆయన నిర్ణయం. మరి సంస్థానమైన బస్తర్ మాటేమిటి? అది పేరుకే సంస్థానమని, దివానుల ద్వారా, అటవీ నిబంధనల ద్వారా బ్రిటిష్ వారు అక్కడ అడుగడుగునా జోక్యం చేసుకున్నారని, 1910లో గుండాధూర్ పేరుతో ముడిపడిన భూమ్‌కాల్ తిరుగుబాటు ఆ జోక్యానికే సమాధానమని ఆయన అంటారు.

పైకి ఈ అభిప్రాయాలు పరస్పర విరుద్ధాలు. కాని నిదానించి చూస్తే వీటన్నింటి అడుగున ఒక సమాన సూత్రం కనిపిస్తుంది. ప్రజలకు జవాబుదారీ కాని అధికారం, అది రాజుదైనా, జమీందారుదైనా, దూరాన ఉన్న కలెక్టరుదైనా, సంఘర్షణకు బీజం. బస్తర్‌లో ప్రభుత్వం లేకపోలేదు. అడవిని స్వాధీనం చేసుకోవడానికి వచ్చిన ప్రభుత్వం ఉన్నది. పాఠశాల తెరవడానికి, పట్టా ఇవ్వడానికి రావలసిన ప్రభుత్వమే లేదు. తీసుకొనేటప్పుడు సమీపంలోనూ, ఇచ్చేటప్పుడు దూరంలోనూ ఉండే పాలన ఇది.

తిరువాన్కూరు ఉదాహరణ కూడా ఈ మాటనే బలపరుస్తున్నది. అదీ సంస్థానమే. కాని 1817లోనే అక్కడి రాణి ప్రజల విద్య ఖర్చు రాజ్యమే భరించవలెనని ప్రకటించింది. 1936లో ఆలయప్రవేశ ప్రకటన వెలువడింది. నేటి కేరళ అక్షరాస్యతకు పునాదులు అక్కడ ఉన్నవి. మరొకవైపు ప్రత్యక్ష పాలనలో గడిపిన రాయలసీమ కక్షల హింసను ఎరుగనిది కాదు. కనుక పాలన రకం కంటె పాలన గుణం ప్రధానం.

సంతకం తరువాత జరిగిన పని

1947 డిసెంబరులో సర్దార్ పటేల్ నాగపూర్‌లో ఛత్తీస్‌గఢ్ రాజులను సమావేశపరచినారు. బస్తర్ నుండి సర్గుజా వరకు 14 సంస్థానాలు 1948 జనవరి 1 నుండి మధ్యపరగణాల రాష్ట్రంలో కలిసిపోయినవి. అదే సంవత్సరం సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో చేరింది. ఇంతటి కార్యం ఇంత స్వల్పకాలంలో జరగడం చరిత్రలో అరుదైన విషయం. కాని సంతకాలతో పటం ఏకమైనంత త్వరగా పాలన ఏకం కాలేదు.

బస్తర్ సంస్థానం, కాంకేర్ కలిసి ఒక్క జిల్లాగా ఏర్పడినవి. ఆ జిల్లా వైశాల్యం 39,000 చదరపు కిలోమీటర్లకు పైబడినది. ఇది కేరళ రాష్ట్రం కంటె కొంచెం పెద్దది. 1998లో దానిని మూడు జిల్లాలుగా విభజించే వరకు, అనగా అర్ధ శతాబ్దం పాటు, ఆ విశాల భూభాగానికి జిల్లా కేంద్రం ఒక్కటే. తరువాత 2007లో నారాయణ్‌పూర్, బీజాపూర్, 2012లో సుక్మా, కొండగావ్ జిల్లాలు ఏర్పడి మొత్తం ఏడైనవి. ఈ లోపల 1960 దశకంలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి కిరండూల్ నుండి కొత్తవలస వరకు కొండలను తొలిచి రైలుమార్గం వేశారు. ఇంజనీరింగు దృష్టిలో అది గొప్ప సాధన. కాని ఖనిజానికి దొరికిన దారి, మారుమూల గూడెంలోని రోగికి ఆసుపత్రి దారిగా మారడానికి చాలా కాలం పట్టింది. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలో జరిగిన కాల్పులలో మాజీ రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్, ఆయన అనుయాయులు మరణించడం ప్రజల మనస్సులో మానని గాయమైంది.

తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాలలో కథ వేరొక మలుపు తిరిగింది. హైదరాబాదులో 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఆదిలాబాదులో కొమురం భీం 1940లో జోడేఘాట్ వద్ద నేలకొరిగిన తరువాత, నిజాం ప్రభుత్వమే మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పిలిపించి గోండుల స్థితిని అధ్యయనం చేయించింది. మార్లవాయిలో గోండు బాలురకు, ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైనది. శ్రీకాకుళం అనుభవం తరువాత 1970లో భూబదలాయింపు నిబంధనలను సవరించి, ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయింపును పూర్తిగా నిషేధించారు. 1984లో కరణం, మునసబు, పటేలు, పట్వారీ పదవులను రద్దుచేశారు. 1985లో తాలూకాలు, సమితుల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు ఏర్పడినవి. తహసీలు కచేరీ సామాన్యుని ఊరికి సమీపించింది.

అయినా లోపాలు మిగిలినవి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై జరిగిన కాల్పులు, చట్టం పుస్తకంలో ఉండడం వేరు, పొలంలో అమలు కావడం వేరు అని చాటినవి. మైదానాల నుండి వలస వచ్చినవారి చేతుల్లోకి గిరిజన భూములు జారిపోవడం అక్కడి ప్రధాన సమస్య. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, షెడ్యూల్డు ప్రాంతపు భూములను ప్రైవేటు గనులకు లీజుకివ్వరాదని స్పష్టం చేసింది. అదే సంవత్సరం విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ కన్వీనరుగా ఏర్పడిన పౌరస్పందన వేదిక ఇరుపక్షాల హింసనూ ప్రశ్నిస్తూ, చర్చలకు బాట వేయడానికి ఏండ్ల తరబడి శ్రమించింది. 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగినవి. అవి ఫలించలేదు. కాని ప్రభుత్వమూ, సాయుధులూ ఒకే బల్ల వద్ద కూర్చోవడం సాధ్యమని దేశం చూసింది.

ఇదే గతం ఉన్న తెలంగాణలో సంఘర్షణ కాలక్రమాన క్షీణించడానికి ఈ భూసంస్కరణలు, విస్తరించిన పాలన, రోడ్లు, విద్య, వాటితోపాటు 1989లో నెలకొల్పిన ప్రత్యేక పోలీసు దళం అన్నీ కారణాలే. ఏ ఒక్కదానికో ఘనత కట్టబెట్టడం సత్యదూరం. గతం బరువైనదే గాని తలవ్రాత కాదని మాత్రం ఇందువల్ల తెలుస్తున్నది.

తుపాకి మూగబోయిన తరువాత

బస్తర్ చెల్లించిన మూల్యం పెద్దది. 2005లో మొదలైన సల్వాజుడుం కారణంగా వేలాది గిరిజన కుటుంబాలు ఊళ్ళు విడిచి గోదావరి తీరాన తెలుగు జిల్లాలకు తరలివచ్చినవి. పౌరులకు ఆయుధాలిచ్చి పోరాటానికి దింపడం రాజ్యాంగవిరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2010 ఏప్రిల్ 6న దంతెవాడ అడవిలో మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఆ జవానులు దేశం నలుమూలల పేద, మధ్యతరగతి ఇండ్ల బిడ్డలే.

ప్రణాళికా సంఘం నియమించిన నిపుణుల బృందం డి. బందోపాధ్యాయ అధ్యక్షతన 2008లో సమర్పించిన నివేదిక, భూమి, అటవీ హక్కులు, నిర్వాసిత్వం, పాలనా లోపాలు ఈ అశాంతికి మూలమని వివరించింది. భద్రతా చర్యలు కూడా ముమ్మరమైనవి. 2026 మార్చి 31 నాటికి ఈ హింసను అంతం చేయాలన్నది కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన లక్ష్యం. 2025 మే 21న నారాయణ్‌పూర్ అడవులలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు మరణించారు. ఆయన శ్రీకాకుళం జిల్లావాసి. అదే సంవత్సరం నవంబరు 18న బస్తర్ గిరిజనుడైన మాడ్వి హిడ్మా ఆంధ్రప్రదేశ్‌లోని మారేడుమిల్లి అడవిలో మరణించాడు. శ్రీకాకుళం మనిషి బస్తర్‌లోనూ, బస్తర్ మనిషి రంప మన్యంలోనూ ముగిసిపోవడం చూస్తే, ఈ రెండు నేలల చరిత్ర ఎంతగా పెనవేసుకొన్నదో బోధపడుతుంది.

ముఖర్జీ పరిశోధన మనకు ఉపయోగపడేది సరిగ్గా ఇక్కడనే. తిరుగుబాటుదారుడు లేనంత మాత్రాన, తిరుగుబాటుకు తావిచ్చిన నేల మారిపోదు. రంపలో 1880లో సైన్యం శాంతిని నెలకొల్పింది. నలభై రెండేండ్ల తరువాత అదే మన్యం మళ్ళీ లేచింది. ఆ మధ్యకాలంలో పాలన మారలేదు. నిశ్శబ్దాన్ని శాంతిగా పొరబడకూడదని చరిత్ర చేసే హెచ్చరిక ఇది.

చేయవలసిన పనికి సాధనాలు లేకపోలేదు. రాజ్యాంగంలోని అయిదవ షెడ్యూలు ఉన్నది. షెడ్యూల్డు ప్రాంతాలలో గ్రామసభకు అధికారమిచ్చిన 1996 నాటి పంచాయతుల విస్తరణ చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉన్నవి. ఇవి ఎక్కడో దూరాన ఉన్న ప్రజలకు మాత్రమే సంబంధించినవి కావు. ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డు ప్రాంతాలను నిర్ణయిస్తూ 2003లో రాష్ట్రపతి జారీచేసిన ఉత్తర్వులో, మన కర్గీ రోడ్ స్టేషను ఉన్న కోటా రెవెన్యూ ఇన్‌స్పెక్టరు సర్కిలు కూడా చేరి ఉన్నది. పేండ్రా జమీందారీ కొండలు 2020 ఫిబ్రవరిలో గౌరేలా–పేండ్రా–మర్వాహీ అనే ప్రత్యేక జిల్లాగా ఏర్పడినవి. జమీందారు కచేరీ ఉన్నచోటికి కలెక్టరు కచేరీ వచ్చింది. ఈ మార్పు ఫలించేదీ లేనిదీ కచేరీ భవనం వల్ల తెలియదు. అక్కడికి అర్జీ తీసుకొని వచ్చే బైగా, గోండు రైతుకు అతని భాషలో సమాధానం దొరుకుతున్నదా, అతని పట్టాపై గ్రామసభ మాట చెల్లుతున్నదా అనే విషయం వల్ల తెలుస్తుంది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల నుండి బెంగాల్–నాగపూర్ రైల్వే కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నవి. వారు ఈ నేలలో కలిసిపోయినది ఏ ఒప్పంద పత్రం వల్లనో కాదు. ఉద్యోగం, బడి, పొరుగువారి పెండ్లిపేరంటాలు వారిని ఇక్కడివారిని చేసినవి. దేశంలో ఒక ప్రాంతం కలిసిపోవడం కూడా ఇటువంటిదే. 1948లో రాజులు సంతకాలు చేశారు. ఆ సంతకాలకు అర్థం కల్పించే పని ప్రతి తహసీలు కచేరీలో, ప్రతి గ్రామసభలో, ప్రతి పాఠశాలలో ఇంకా జరగవలసే ఉన్నది. ఆ పని పూర్తయిననాడు ఖాల్సాకూ జమీందారీకీ, మైదానానికీ ఏజెన్సీకీ నడుమ మిగిలిన గీత చెరిగిపోతుంది. విలీనం నిజంగా పూర్తయ్యేది ఆనాడే.